గోడలకు చెవులొచ్చాయి, పలకరించేదెవరు?

హైదరాబాద్ గోపన్‌పల్లిలో కొత్తగా లేచిన టవర్లలో ఏదో ఒక ఫ్లాటును తలుచుకోండి. గుమ్మం దగ్గర కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు. హాల్లో పేరు పెట్టి పిలిస్తే పలికే స్పీకర్. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మీటింగ్‌లో ఉన్న కొడుకు ఫోన్ మీద వేలు ఆనిస్తే ఇంట్లో ఏసీ ఆగిపోతుంది. నేల ఊడ్చే రోబో సోఫా కిందికి దూరి దుమ్ము లాగుతుంది. ఉదయం తొమ్మిదింటికల్లా కొడుకు, కోడలు ఆఫీసుకు, పిల్లలు బడికి బయల్దేరతారు. పనమ్మాయి పదింటికి వచ్చి గంటలో వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం ఏడింటి వరకూ మిగిలేది కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చి ఉంటున్న నాయనమ్మ ఒక్కతే. ‘ఎట్లుందమ్మా ఇక్కడ?’ అని అడిగితే, ‘అన్నీ ఉన్నయ్ బిడ్డా, పొద్దే పోతలేదు’ అంటుంది.

లెక్కల ప్రకారం ఆమె ఒంటరి కాదు. 2017-18లో దేశమంతటా 45 ఏళ్ళు పైబడిన 72 వేల మందికి పైగా జనాన్ని పలకరించి చేసిన ‘లాసీ’ సర్వేలో, అరవై దాటినవాళ్ళలో ఒక్కరే నివసించేవాళ్ళు సుమారు 6 శాతమే. మిగతావాళ్ళంతా ఎవరో ఒకరితో కలిసే ఉంటున్నారు. కుటుంబంతో ఉన్నవాళ్ళకు ఒంటరితనం ఎందుకు? ఇంటినిండా ఇన్ని తెలివైన పరికరాలు ఉండగా వాటిలో ఒక్కటైనా ఆ సంగతి కనిపెట్టలేదా? కనిపెట్టినా ఏం చేయగలదు?

నా నమ్మకం ఇది: స్మార్ట్ ఇల్లు పెద్దవాళ్ళకు నిజంగా మేలు చేయగలదు. కాకపోతే అది పట్టుకున్న ప్రతి సంకేతం చివరికి ఒక మనిషి దగ్గరికి చేరాలి.

పది గంటల ఆకలి

2020లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు లివియా తొమోవా, రెబెకా సాక్స్ తమ బృందంతో కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 40 మందిని ఒక రోజు 10 గంటలపాటు మనిషి ముఖం చూడకుండా, ఫోన్ లేకుండా గదిలో ఉంచారు. ఇంకో రోజు అదే 10 గంటలు తిండి లేకుండా ఉంచారు. రెండుసార్లూ తర్వాత మెదడుకు ఎమ్మారై తీస్తూ బొమ్మలు చూపించారు. పస్తున్న రోజు భోజనం బొమ్మ చూసినప్పుడు మధ్యమెదడులో ఏ భాగం చురుగ్గా స్పందించిందో, మనుషులకు దూరంగా ఉన్న రోజు నలుగురు కూర్చుని కబుర్లాడుకునే బొమ్మ చూసినప్పుడూ అదే భాగం స్పందించింది.

ఒంటరితనం ఆకలి లాంటిదని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కాసియొపో అంతకు చాలా ముందే వాదించారు. ఒంట్లో శక్తి తగ్గుతోందని ఆకలి హెచ్చరిస్తుంది. మంద నుంచి తప్పిపోతున్నావని ఒంటరితనం హెచ్చరిస్తుంది. గుంపుగా బతికిన మన పూర్వికుల్లో ఒక్కడే మిగిలినవాడికి అడవిలో చావే గతి. అందుకే ఆ హెచ్చరిక అంత బాధగా ఉంటుంది.

ఒక్క చోట మాత్రం ఈ పోలిక తప్పుతుంది. ఆకలేసినవాడు కంచం వైపు నడుస్తాడు. ఒంటరితనం ముదిరినవాళ్ళు మనుషుల నుంచి ఇంకా వెనక్కి జరుగుతారు. ఒక్కరే ఉన్నామనుకున్న మెదడు కాపలా మొదలుపెడుతుంది. రాత్రి నిద్ర మధ్యమధ్యలో తెగుతుంది. ముందు రోజు ఒంటరిగా అనిపించినవాళ్ళలో మర్నాడు పొద్దున లేవగానే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ మరింత పెరుగుతుందని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కాపలాలో ఉన్న మనసుకు ఎదుటివాళ్ళ మామూలు మాట కూడా విసుక్కున్నట్టే వినిపిస్తుంది. కోడలు హడావిడిలో ముక్తసరిగా జవాబిస్తే, ‘నేనంటే బరువు’ అని నాయనమ్మ అర్థం చేసుకుంటుంది. దాంతో మాట తగ్గిస్తుంది. మాట తగ్గిందని ఇంట్లోవాళ్ళూ పలకరించడం తగ్గిస్తారు. ఇలా చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దాని వల్ల ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో అంచనా వేసింది. గుండె జబ్బు, పక్షవాతం, మతిమరుపు, కుంగుబాటు... ఈ దారులన్నిటిలోనూ దాని చెయ్యి ఉంది.

కెటిల్ చెప్పిన కబురు

ఇంటి వస్తువుతో పెద్దవాళ్ళ బాగోగులు తెలుసుకోవచ్చన్న ఆలోచనకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ జపాన్‌లో ఉంది. జోజిరుషి అనే కంపెనీ 2001లో నీళ్ళు కాచే ఒక ఎలక్ట్రిక్ కెటిల్‌ను తెచ్చింది. అందులో చిన్న వైర్‌లెస్ పరికరం ఉంటుంది. ఒంటరిగా ఉన్న తల్లి టీ కోసం నీళ్ళు పట్టుకుంటే, వేరే ఊళ్ళో ఉన్న కూతురికి ఆ కబురు అందుతుంది. కెమెరా లేదు, మైకు లేదు. ఆమె చేయాల్సిన కొత్త పనీ లేదు. ‘అమ్మ లేచింది, టీ తాగింది’ అన్న ఒక్క ముక్క, అంతే.

మన ఇళ్ళలో ఆ పని ఒక స్మార్ట్ ప్లగ్ చేయగలదు. గోడ సాకెట్టుకు, మిక్సీకి మధ్య పెట్టే ఆ ప్లగ్గు తనలోంచి ఎంత కరెంటు పోతోందో కొలుస్తుంది. మిక్సీ తిరిగితే ఒక రకం గీత, టీవీ నడిస్తే ఇంకో రకం గీత, గీజర్ అయితే వేరే. రోజూ ఏడున్నరకు చట్నీ కోసం తిరిగే మిక్సీ మూడు రోజులుగా తిరగలేదంటే ఏదో మారినట్టే.

తలుపుకు పెట్టే సెన్సర్ ఇంకా సులువు. తలుపు రెక్కకు అయస్కాంతం, ద్వారబంధానికి అయస్కాంతం దగ్గరైతే అతుక్కునే సన్నని లోహపు రేకులు. తలుపు తెరిస్తే రేకులు విడిపోతాయి, సంకేతం వెళుతుంది. మంచం కింద పెట్టే రాడార్ లాంటివీ వచ్చాయి. అవి పంపిన తరంగం ఛాతీ మీద పడి తిరిగొస్తుంది. ఊపిరికి ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు కదిలినా తిరిగొచ్చిన తరంగంలో తేడా దొరుకుతుంది.

┌─────────────
కదలికను సెన్సర్ ఎలా చూస్తుంది?
మన ఒళ్ళు కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఎప్పుడూ వెదజల్లుతూనే ఉంటుంది. గది మూలన పెట్టే కదలిక సెన్సర్‌లో ఆ వేడిని పసిగట్టే పదార్థం రెండు ముక్కలుగా ఉంటుంది. ముందున్న గీతల ప్లాస్టిక్ కటకం గదిని పట్టీలు పట్టీలుగా విడగొట్టి చూపిస్తుంది. మనిషి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి నడిస్తే, ముందు ఒక ముక్క మీద, తర్వాత రెండో ముక్క మీద వేడి పడుతుంది. రెండింటి మధ్య తేడా వచ్చినప్పుడే సెన్సర్ ‘కదలిక’ అంటుంది.
దీని వల్ల రెండు ఇబ్బందులు. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి దానికి కనిపించదు. రెండోది మన ఎండాకాలంలో ఎదురవుతుంది. ఏసీ లేని గదిలో గోడలు కూడా ఒంటి చర్మమంత వేడెక్కితే మనిషికీ గోడకీ తేడా తగ్గి, సెన్సర్ చూపు మందగిస్తుంది. చల్లటి దేశాల్లో పరీక్షించి తెచ్చినదాన్ని మే నెలలో ఇక్కడ మళ్ళీ పరీక్షించుకోవాలి.
─────────────┘

వీటన్నిటినీ కలిపి ఒంటరితనాన్నే కొలవవచ్చా? అమెరికాలోని ఒరెగాన్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో జెఫ్రీ కే బృందం ఆ ప్రయత్నం చేసింది. 16 మంది పెద్దవాళ్ళ ఇళ్ళలో వాళ్ళ అంగీకారంతో సెన్సర్లు పెట్టి, 8 నెలల వరకూ గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించింది. ఇల్లు దాటి బయట గడిపే సమయం తగ్గినకొద్దీ ఒంటరితనం ఎక్కువగా కనిపించింది. కంప్యూటర్ ముందు ఎక్కువసార్లు కూర్చున్నవాళ్ళలోనూ అది ఎక్కువే. తెర ముందు కూర్చోవడం మనుషులతో కలవడానికి బదులు కాలేదన్నమాట.

ఇలా చాటుగా కొలవడం ఎందుకు, నోరు తెరిచి అడగొచ్చు కదా అనిపించవచ్చు. ‘ఒంటరిగా ఉందా?’ అని అడిగితే చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకోరు. మన ఇళ్ళలోనైతే అలా ఒప్పుకోవడం కొడుకు మీద ఫిర్యాదు చేసినట్టే లెక్క. ఏ తల్లి చెబుతుంది? అందుకే పరిశోధకులు వాడే చిన్న ప్రశ్నావళిలో ఒంటరితనం అన్న మాటే ఉండదు. తోడు లేదనిపిస్తుందా, మిమ్మల్ని పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరమైనట్టు ఉందా అని మూడే ప్రశ్నలు ఉంటాయి. ఒరెగాన్ సెన్సర్లు కూడా ఒంటరితనం స్కోర్లలోని హెచ్చుతగ్గుల్లో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే వివరించగలిగాయి. మిగతాది సెన్సర్‌కు అందని లోపలి సంగతి.

నాయనమ్మా, మనవడా?

ఒరెగాన్ పద్ధతిని ఉన్నదున్నట్టు గోపన్‌పల్లికి తెస్తే కుదరదు. ఇక్కడ ఒకే ఇంట్లో అయిదారుగురు తిరుగుతారు. వంటగదిలో కదిలింది నాయనమ్మా, పనమ్మాయా, బడి నుంచి ముందే వచ్చిన మనవడా? కదలిక సెన్సర్‌కు అందరూ ఒకటే వేడి. సాయంత్రం ఇల్లు సందడిగా ఉందని గ్రాఫ్ చూపిస్తుంది. ఆ సందడిలో ఆమెతో ఎవరైనా మాట్లాడారో లేదో చూపించదు. ఎవరి గదిలో వాళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చున్నా సెన్సర్‌కు అది నిండుగా ఉన్న ఇల్లే.

బయటికి వెళ్ళలేదన్న సంకేతానికీ ఇక్కడ అర్థాలు ఎక్కువ. ఊళ్ళో అయితే గుమ్మం దాటితే అరుగు, అరుగు దాటితే మనిషి. ఇక్కడ లిఫ్ట్ దిగి, గేటు దాటి, నల్లగండ్ల వైపో విప్రో సర్కిల్ వైపో దూసుకెళ్ళే బళ్ళ మధ్య రోడ్డు దాటాలి. గోపన్‌పల్లి తండా కూడలిలో 2024 జులైలో ఫ్లైఓవర్ తెరిచారు. కార్లకు దారి సులువైంది. కాలినడకన వెళ్ళే డెబ్బై ఏళ్ళ మనిషికి కావలసింది వేరు: నీడ, ఎత్తుపల్లాలు లేని బాట, నడుం వాల్చడానికి ఒక బెంచీ. ఆమె మూడు రోజులు తలుపు తీయకపోతే కారణం మోకాలి నొప్పా, ఎండా, వెళ్ళినా పలకరించేవాళ్ళు లేకపోవడమా? సెన్సర్ ‘ఏమైంది’ అన్న ప్రశ్నను మన ముందు పెట్టగలదు. జవాబు కోసం పక్కన కూర్చోవాల్సిందే.

ఆగి మాట్లాడితే వినని స్పీకర్

మాట్లాడే స్పీకర్ సంగతేమిటి? పాట పెట్టమంటే పెడుతుంది, మందుల వేళ గుర్తు చేస్తుంది, వీడియో కాల్ కలుపుతుంది. వేళ్ళు వణికేవాళ్ళకు, చూపు తగ్గినవాళ్ళకు తెర మీద వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇది చిన్న మేలు కాదు.

కాకపోతే నాయనమ్మ అడిగే తీరు చూడండి: ‘ఆ... సుశీల పాట... అదేంది... మూగమనసులు సినిమాది పెట్టు.’ మూడు చోట్ల ఆగింది. పిలిచిన పేరు వినగానే స్పీకర్ మేలుకుంటుంది. అప్పట్నుంచి మాటలు వింటూ, కొద్దిసేపు నిశ్శబ్దం వస్తే ‘అడగడం అయిపోయింది’ అని తేల్చుకుంటుంది. ఎంతసేపటి నిశ్శబ్దం అన్నది చాలావరకు ముందే కుదిర్చి పెట్టిన లెక్క, గబగబా మాట్లాడేవాళ్ళకు సరిపోయేలా ఉంటుంది. దాంతో ‘సుశీల పాట’ దగ్గరే తెంచేసి, తనకు తోచిన పాటేదో ఎత్తుకుంటుంది. రెండుసార్లు అలా జరిగితే పెద్దావిడ మళ్ళీ దాన్ని పిలవదు. ‘నా మాట దానికి కూడా అర్థం కాదు’ అనుకుంటుంది. కాపలాలో ఉన్న మనసు అని పైన చెప్పుకున్నామే, దానికి ఇది ఇంకో దెబ్బ.

వయసుతో గొంతు కూడా మారుతుంది. స్వరతంత్రులు పలచబడి గొంతులో గాలి ఎక్కువ వినిపిస్తుంది, పళ్ళు లేకపోతే కొన్ని అక్షరాలు జారతాయి. మాటను గుర్తించే యంత్రం వేల గంటల రికార్డింగులు విని నేర్చుకుంటుంది. ఆ రికార్డింగుల్లో ఎవరి గొంతు ఎక్కువ ఉంటే వాళ్ళ మాట బాగా పడుతుంది. పాలమూరు యాసలో మాట్లాడే ఎనభై ఏళ్ళ గొంతులు అందులో ఎన్ని ఉన్నాయి? గోపన్‌పల్లికి దగ్గర్లోనే, గచ్చిబౌలిలోని ఐఐఐటీ తెలుగు మాటల నమూనాలను జనం నుంచే సేకరించే పని చేసింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ రాజ్యాంగం గుర్తించిన భాషలన్నిటికీ అలాంటి పని చేస్తోంది. ఆ సేకరణల్లో పెద్దవాళ్ళ గొంతులకు ప్రత్యేకంగా చోటివ్వాలి. ఆగి ఆగి మాట్లాడేవాళ్ళ కోసం ఆ నిశ్శబ్దపు గడువు పెంచుకునే వీలు ప్రతి స్పీకర్‌లోనూ ఉండాలి. ఇది పెద్ద శాస్త్రం కాదు. పెద్దవాళ్ళను మనసులో పెట్టుకుని తయారు చేస్తే చాలు.

ఏది పనిచేసింది?

న్యూయార్క్ రాష్ట్ర వృద్ధుల విభాగం 2022లో ఎలీక్యూ అనే బల్ల మీది రోబోను 800 మందికి పైగా పెద్దవాళ్ళకు అందించే పని మొదలుపెట్టింది. అది పిలిచేదాకా ఆగదు, తనే పలకరిస్తుంది. వాడినవాళ్ళలో ఒంటరితనం 95 శాతం తగ్గిందని ఆ విభాగం ప్రకటించింది. అంత పెద్ద అంకె వినగానే సంతోషం కలుగుతుంది గానీ, అది వాడినవాళ్ళు చెప్పిన మాట. రోబో లేని ఇంకో గుంపుతో పోల్చి చూసిన ఫలితం కాదు.

పోల్చి చూసిన ప్రయోగాల్లో రెండు నన్ను కదిలించాయి. ఒకటి టెక్సస్‌లో జరిగింది. ఇంటికి భోజనం పంపే పథకంలో ఉన్న 240 మందిని తీసుకుని, చిట్టీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు వారాలపాటు ఫోన్లు వచ్చాయి. ఫోన్ చేసింది డాక్టర్లు కాదు, 17 నుంచి 23 ఏళ్ళ పిల్లలు. వాళ్ళకు ఇచ్చిన శిక్షణ కూడా కొద్దిగంటలదే: ఎదుటివాళ్ళు ఎత్తుకున్న విషయమే మాట్లాడండి, ఆసక్తిగా వినండి అని. నెల తిరిగేసరికి ఆ గుంపులో ఒంటరితనం, దిగులు, ఆందోళన తగ్గాయి. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి.

రెండోదాన్ని హిరోకో డాడ్జ్ నడిపారు. నలుగురితో కలవక ఒంటరిగా మిగిలిన, 75 దాటిన 186 మంది అందులో ఉన్నారు. సగం మందితో వారానికి నాలుగుసార్లు, అరగంట చొప్పున వీడియోలో ముచ్చటించారు. ఆరు నెలలకు వాళ్ళ జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో మెరుగు కనిపించింది. తెర, ఇంటర్నెట్, సులువుగా నొక్కే బొత్తం, అన్నీ ఉన్నాయి. మందు మాత్రం అవతల ఉన్న మనిషే.

ఒంటరితనం తగ్గించే ప్రయత్నాలన్నిటినీ కాసియొపో బృందం 2011లో తూచి చూసింది. కలుసుకునే అవకాశాలు పెంచడం కంటే, ‘నేనెవరికీ అక్కర్లేదు’ అనే ఆలోచననే మార్చే ప్రయత్నాలు ఎక్కువ ఫలించాయి. స్పీకర్ కొని ఇవ్వడం అవకాశం. రాత్రి భోజనాల దగ్గర ‘పచ్చడిలో ఏమేశావమ్మా, మా ఆఫీసులో అందరూ అడుగుతున్నారు’ అనడం రెండో రకం.

కెమెరా గురించి ఒక మాట

విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల హాల్లో కెమెరా పెట్టించడం ఇక్కడ మామూలైంది. భయం అర్థమవుతుంది. పడిపోతే ఎవరు చూస్తారు? అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సొంత ఇంటి అవసరానికి ఒక వ్యక్తి వాడుకునే సమాచారానికి వర్తించదు. కంపెనీ జవాబు చెప్పాలి గానీ కొడుకు చెప్పనక్కర్లేదు. అంటే ఆ తల్లి పరువు ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంది. ఆమెను అడిగి పెట్టాలి. ఎప్పుడు ఆపాలో ఆమెకు తెలియాలి, ఆపే బొత్తం ఆమె చేతికి అందాలి. వీలైనంత వరకు కెటిల్ లాంటివే చాలు. ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న ఇంట్లో మనసు విప్పి కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

అవతలి కొసన ఎవరు?

సాయంత్రం ఆరు గంటలు పెద్దవాళ్ళకు కష్టమైన వేళ. ఎండ తగ్గుతుంది, ఇంట్లోవాళ్ళు ఇంకా రారు. అదే సమయానికి డాలస్‌లో ఉన్న కూతురికి పొద్దున ఏడున్నర, చలికాలంలోనైతే ఆరున్నర. పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టే వేళ అది. స్మార్ట్ ఇల్లు ఎంత చక్కగా కబురు పంపినా అప్పుడు అందుకునే తీరిక ఆమెకు ఉండదు. కబురు చేరాల్సింది దగ్గరివాళ్ళకు: పై అంతస్తులో ఉన్న ఇంకో నాయనమ్మకు, క్లబ్‌హౌస్‌లో కాలక్షేపం చేసే తాతకు. గేటు దగ్గరికి వచ్చిన ప్రతి డెలివరీ అబ్బాయి గురించి ఫ్లాటుకు ఫోన్ చేసే యాప్, ‘ఆరింటికి కింద బెంచీ దగ్గర నలుగురున్నారు, వస్తారా?’ అని ఇంటర్‌కమ్‌లో తెలుగులో అడగడానికి అడ్డేముంది?

మన దగ్గర మొదలైన ఒక మంచి పని కూడా ఉంది. పెద్దవాళ్ళు ఉచితంగా ఫోన్ చేసే 14567 ఎల్డర్ లైన్‌కు విత్తనం పడింది హైదరాబాద్‌లోనే. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ తెలంగాణ ప్రభుత్వంతో కలిసి దాన్ని మొదలుపెట్టాయి. 2021 నాటికి అది దేశమంతటికీ విస్తరించింది. పింఛను, న్యాయ సలహా, వేధింపులతో పాటు మనసు బాగోలేకపోయినా ఆ నంబరుకు మాట్లాడవచ్చు. స్పీకర్‌లో ఎవరైనా మొట్టమొదట ఎక్కించాల్సిన నంబరు అదే.

టెక్సస్ ప్రయోగం ఇక్కడ చేయడానికి కావలసినవన్నీ రెండు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. గోపన్‌పల్లిని ఆనుకుని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఇల్లు వదిలి వచ్చిన, నాయనమ్మ గుర్తొచ్చే వేలమంది విద్యార్థులున్నారు. నాలుగు గేటెడ్ కమ్యూనిటీల్లో ఇష్టపడిన పెద్దవాళ్ళను ఎంచుకోవాలి. ఒంటరితనాన్ని కొలిచే ఆ మూడు ప్రశ్నలు ముందు తెలుగులో అడగాలి. చిట్టీ వేసి, సగం మందికి నెల రోజులు సాయంత్రం ఆరింటికి, స్పీకర్‌ను ఒక్క మాటతో పలికించి, ఆ విద్యార్థులతో పది నిమిషాలు మాట్లాడించాలి. మిగతా సగానికి స్పీకర్ ఒక్కటే ఇచ్చి, నెల తర్వాత వాళ్ళకూ ఫోన్లు మొదలుపెట్టాలి. వాళ్ళకు ఫోన్లు మొదలయ్యే ముందే ఆ మూడు ప్రశ్నలు అందరినీ మళ్ళీ అడిగితే, స్పీకర్‌కు మనిషి తోడైతే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.